కట్టెల పొయ్యికి పొగగొట్టం ఎంపిక: ఇంటికప్పు, వంటచెరకు, శుభ్రపరచే వీలు

పత్తి తీతలు పూర్తయ్యాక చేలో మిగిలే కట్టె ఎకరాకు సుమారు ఒక టన్ను ఉంటుంది. దానిని యంత్రంతో ముక్కలు చేసి నేలలో కలియదున్నమని సేద్య విభాగం తరఫున ఏటా రైతులకు చెబుతూనే ఉన్నాం. గట్ల మీద, ఇళ్ల పక్కన కట్టెను కుప్ప వేస్తే విచ్చని కాయల్లో గులాబీరంగు పురుగు దాగి తరువాతి పంటకు చేరుతుందని హెచ్చరిస్తూనే ఉన్నాం. సలహా సరైనదే. అయినా నల్లరేగడి గ్రామాల్లో వేసవి మొదలయ్యేసరికి పెరళ్లలో పత్తి కట్టె, కంది కట్టె, మిరప కట్టె మోపులు పేరుకొని ఉంటాయి. అవి చేరేది పొయ్యిలోకే. పంట అవశేషాల వినియోగం గురించి ఎన్నో వ్యాసాలు రాశాం గాని, ఆ అవశేషాల పొగ చివరకు ఎవరి ఊపిరితిత్తులకు చేరుతున్నదో పరిశీలించింది తక్కువ. ఆ లోటును కొంతైనా పూడ్చే ఉద్దేశంతో ఈ వ్యాసం రాస్తున్నాను.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో దీపం పథకం, దేశవ్యాప్తంగా 2016లో ఉజ్జ్వల యోజన వచ్చాక పల్లె ఇళ్లకు గ్యాసు పొయ్యి చేరింది. కట్టెల పొయ్యి మాత్రం ఇల్లు విడిచి పోలేదు. స్నానాలకు నీళ్లు కాచడానికి, పశువులకు ఉలవలు ఉడికించడానికి, కోతల రోజుల్లో కూలీలకు పెద్ద గిన్నెలతో వండడానికి, సిలిండరు నిండుకున్న నెలాఖరు రోజుల్లో అన్నిటికీ అదే దిక్కు. 2004లో కల్పనా బాలకృష్ణన్, ఆమె సహశాస్త్రవేత్తలు నిజామాబాదు, వరంగల్, రంగారెడ్డి జిల్లాల్లోని 420 ఇళ్లను పరిశీలించి ఒక అధ్యయనం ప్రచురించారు. ఊపిరితిత్తుల లోతులకు చేరగల ధూళి 24 గంటల సగటున గ్యాసు ఇళ్లలో ఘనపు మీటరుకు 73 మైక్రోగ్రాములు ఉండగా, ఘన ఇంధనం కాల్చే ఇళ్లలో అది 732 వరకు ఉన్నట్లు అందులో తేలింది. పదింతల తేడా. వంటకు గ్యాసుకు మారడమే అన్నిటికన్నా మేలు అనడంలో సందేహం లేదు. మారలేని పనులకు, మారలేని ఇళ్లకు పొయ్యి మీద మంచి పొగగొట్టం ఉండాలి. ఏది మంచిదన్నదే ప్రశ్న.

ఒక పాత పొరపాటు

పొగలేని వంటిల్లు అనే ఆలోచనకు మన గడ్డతో దగ్గరి సంబంధం ఉంది. హైదరాబాదు ఇంజనీరింగ్ పరిశోధనశాలకు చెందిన డాక్టర్ ఎస్.పి. రాజు 1950ల తొలి సంవత్సరాల్లోనే మట్టితో కట్టుకోదగిన పొగగొట్టపు పొయ్యిని రూపొందించి, దానిపై పుస్తకం వెలువరించారు. ఆ తరువాత 1980లలో జాతీయ మెరుగైన పొయ్యిల కార్యక్రమం మొదలై 2002 దాకా నడిచింది. ఇంటికి ఒక మట్టి పొయ్యి, దాని వెనుక ఆస్బెస్టాస్ సిమెంటు గొట్టం, పైన టోపీ. ఇదీ నాడు గ్రామాలకు చేరిన నమూనా.

1990ల ఆరంభంలో బి.ఎస్సీ. చివరి ఏడాది గ్రామీణ వ్యవసాయ అనుభవ కార్యక్రమం కింద పత్తి పండే ఒక గ్రామంలో ఉన్నప్పుడు, మాకు భోజనం పెట్టిన ఇంట్లోనే అటువంటి పొయ్యి ఒకటి నేనూ నా సహాధ్యాయీ కలిసి అమర్చాం. పెంకుటిల్లు. మూడంగుళాల గొట్టం. పొడవు ఎక్కువైందని దానిని వంటింటి గడప మీద పెట్టి రంపంతో కోశాం. తెల్లటి పొడి మా చొక్కాల నిండా పడింది. దులుపుకొని భోజనానికి కూర్చున్నాం. ఆస్బెస్టాస్ పోగులు ఊపిరితిత్తులకు ఎటువంటి హాని చేస్తాయో పాఠ్యపుస్తకంలో చదివి ఉన్నాను గాని, చేతిలో ఉన్న గొట్టానికి దానిని అన్వయించుకోవాలని తోచలేదు. ఆ ఇంటి పెద్దమ్మ మాత్రం చాలా సంతోషించారు. రెండు రోజులు వంటింట్లో కన్నీరు లేదు.

ఏడాదిన్నర తరువాత అటువైపు వెళ్లినప్పుడు చూస్తే గొట్టం లేదు. గోడలోని కన్నానికి పాత గోనెగుడ్డ కుక్కి, అడ్డంగా సగం ఇటుక పెట్టి ఉంది. అడిగితే పెద్దమ్మ నొచ్చుకోకుండానే చెప్పారు: “కొన్నాళ్లు పొగ పైకే పోయింది నాయనా. తరవాత ఇంట్లోకే తిరగబడసాగింది. లోపల ఏమి అడ్డం పడిందో చూద్దామంటే దానికి మూత ఏదీ? పీకి చూసేసరికి ముక్కలయింది.” మేము చేసిన తప్పులు అప్పటికి గాని అర్థం కాలేదు. కప్పు మధ్య శిఖరం కన్నా గొట్టం కొస తక్కువ ఎత్తులో ఉండిపోయింది. మసి తీయడానికి కింద తలుపు పెట్టలేదు. గొట్టం ఎవరు శుభ్రం చేస్తారు, దేనితో చేస్తారు అని మేము ఆ ఇంట్లో ఒక్కమాట అడగలేదు. చివరి సంవత్సరాల్లో ఆమె ఆయాసంతో బాధపడ్డారు. పొగ తాగే అలవాటు ఉన్నదా అని వైద్యుడు అడిగితే, చుట్ట ఎన్నడూ ముట్టనని ఆమె చెప్పారట.

ఇది ఒక్క ఇంటి సంగతి కాదు. రేమా హన్నా, ఎస్తేర్ డఫ్లో, మైకేల్ గ్రీన్‌స్టోన్ పొరుగున ఉన్న ఒడిశా గ్రామాల్లో పొగగొట్టపు మట్టి పొయ్యిలను నాలుగేళ్ల పాటు పరిశీలించి 2016లో ఫలితాలు ప్రచురించారు. తొలి ఏడాది పీల్చే పొగ తగ్గింది. తరువాత ఆ తగ్గుదల కనిపించలేదు. పొయ్యిలను క్రమంగా వాడకపోవడం, మరమ్మతు చేసుకోకపోవడం అందుకు కారణాలని వారు తేల్చారు. అందువల్ల గొట్టం ఏ పదార్థంతో చేసినదన్న ప్రశ్న కన్నా ముందు, దానిని ఆ ఇంటి మనిషి నిచ్చెన ఎక్కకుండా విప్పి, దులిపి, మళ్లీ బిగించగలదా అన్నది తేల్చుకోవాలని నా అభిప్రాయం. కింది వివరాలన్నీ ఆ దృష్టితో చదువుకోవలసినవి.

గొట్టం పొగను ఎలా లాగుతుంది?

గొట్టంలోని వేడి గాలి తేలిక. బయటి గాలి బరువు. ఈ బరువుల తేడాయే పొగను పైకి నెడుతుంది. దీనిని పల్లెల్లో ‘లాగుడు’ అంటారు. అంతకన్నా మంచి మాట నాకు దొరకలేదు. 3 మీటర్ల గొట్టం, బయట 30 డిగ్రీల ఉష్ణోగ్రత అనుకుందాం. గొట్టంలో పొగ సగటు వేడిమి 80 డిగ్రీలైతే లాగుడు సుమారు 5 పాస్కళ్లు. 150 డిగ్రీలైతే 10. 250 డిగ్రీలైతే 14. పది పాస్కళ్లంటే ఎంత? ఒక మిల్లీమీటరు ఎత్తున్న నీటి పొర కలిగించేంత ఒత్తిడి, అంతే. సెకనుకు 4 మీటర్ల వేగంతో వీచే మామూలు గాలి అడ్డు తగిలినచోట కలిగించే ఒత్తిడి కూడా దాదాపు అంతే ఉంటుంది. కనుక గొట్టం కొస మీదికి గాలి దిగువకు మళ్లితే పొగ వెనక్కి రావడంలో ఆశ్చర్యం లేదు.

ఈ చిన్న లెక్క నుండి ఉపయోగకరమైన విషయాలు కొన్ని తెలుస్తాయి. గొట్టాన్ని మీటరున్నర పొడిగిస్తే వచ్చే లాభమూ, పొగను చల్లబడనీయకుండా కాపాడుకుంటే వచ్చే లాభమూ ఇంచుమించు సమానం. గోడలోంచి బయటికి తీసి ఇంటి వెలుపల నిలబెట్టిన పలుచని రేకు గొట్టం త్వరగా చల్లబడుతుంది. పైగా రెండు వంపులు అదనం. ఇంటి లోపలి నుండే నిటారుగా కప్పు దాటే గొట్టానికి లాగుడు ఎక్కువ. ఇక ఎండాకాలం మధ్యాహ్నం పొయ్యి వెలిగించగానే పొగ ఇంట్లోకి తిరుగుతుందని స్త్రీలు చెప్పే మాటకు కూడా ఆధారం ఉంది. బయట 42 డిగ్రీలు, నీడన ఉన్న వంటింట్లో 34 డిగ్రీలు ఉన్నప్పుడు వెలిగించని గొట్టంలోని గాలి బయటి గాలి కన్నా బరువు. అది కిందికే దిగుతుంది. అటువంటప్పుడు గొట్టం మొదట్లో ఒక ఎండు తాటాకు ముక్కను కాల్చి, గొట్టం వేడెక్కాక పొయ్యి వెలిగించడం మంచిది.

వ్యాసం విషయంలో మూడంగుళాల గొట్టం మీద మనకు అనవసరమైన మోజు ఉంది. 75 మిల్లీమీటర్ల గొట్టానికి లోపలి అడ్డుకోత 44 చదరపు సెంటీమీటర్లు. 100 మిల్లీమీటర్లదానికి 78. మూడంగుళాల గొట్టంలో చుట్టూ 6 మిల్లీమీటర్ల మసి పేరుకుంటే మిగిలేది 31 మాత్రమే. అంతే పొగను పంపడానికి అప్పుడు రెట్టింపు కన్నా ఎక్కువ లాగుడు కావాలి. మసి ఎక్కువగా వదిలే పంట కట్టె వాడే ఇంటికి 100 మిల్లీమీటర్లు, అనగా నాలుగంగుళాలు, కనీసమని భావిస్తున్నాను. అలాగని మరీ వెడల్పు చేసినా పొగ నెమ్మదించి, చల్లబడి, గోడలకు తారు పడుతుంది.

లాగుడు మరీ ఎక్కువైనా నష్టమే. ‘గొట్టం పెట్టాక కట్టె ఎక్కువ తింటున్నది’ అన్న ఫిర్యాదు నిజం. మంట గిన్నెకు తగలకుండా గొట్టంలోకి పారిపోతుంది. రెండో గిన్నెకు మూతి పెట్టి, దాని కింద మంట ఎగసి తగిలేలా చిన్న దిమ్మె కట్టడం దీనికి మంచి విరుగుడు. గొట్టంలో అడ్డుతలుపు కూడా పెట్టవచ్చు గాని, నిప్పులు కనకనలాడుతుండగా దానిని పూర్తిగా మూయరాదు. నిప్పుల నుండి వెలువడే కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. అందువల్ల మూసినా నాలుగో వంతు సందు మిగిలేలా తలుపును కత్తిరించడం క్షేమం. గొట్టం చుట్టూ డ్రమ్ము బిగించి నీళ్లు కాచుకొనే పద్ధతి ఒకటి కొన్నిచోట్ల కనిపిస్తుంది. వేడి వృథా కాదన్నది నిజమే; కాని గొట్టం చల్లబడి లాగుడు తగ్గుతుంది, తారు పెరుగుతుంది. నేను సిఫారసు చేయను.

గొట్టాల రకాలు

ఆస్బెస్టాస్ సిమెంటు గొట్టం ఇప్పటికీ కొన్ని సిమెంటు దుకాణాల్లో దొరుకుతుంది, చవక. దానిని కొనవద్దు. ఆస్బెస్టాస్ అన్ని రూపాలలోనూ మనిషికి క్యాన్సర్ కలిగించేదని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ వర్గీకరించింది. వ్యాధి బయటపడడానికి దశాబ్దాలు పడుతుంది కనుక కోసినవాడికి ఆనాడు ఏమీ తెలియదు. పైగా వేడికి ఈ గొట్టం పగులుతుంది. ఇప్పటికే ఇంట్లో ఉన్నదైతే కోయడం, రుద్దడం, పగలగొట్టడం చేయకుండా, నీళ్లతో బాగా తడిపి, ముక్కలు చేయకుండా దించి, మందపాటి పాలిథిన్‌లో చుట్టి పక్కన పెట్టాలి. పిల్లలు ఆడే చోట, చేలగట్ల మీద పారవేయరాదు.

జి.ఐ. రేకు గొట్టాన్ని ఏ పట్టణంలోనైనా రేకు మేస్త్రి గంటలో చుట్టి ఇస్తాడు. తేలిక, త్వరగా వేడెక్కుతుంది, ముక్కలుగా విప్పుకోవచ్చు. ఈ చివరి గుణం వల్ల నేను దీనికి ఎక్కువ మార్కులు వేస్తాను. లోపాలూ ఉన్నాయి. జింకు పూత సుమారు 200 డిగ్రీల పైన నిలకడగా ఉండదు. మంట నేరుగా తగిలే మొదటి రెండడుగులలో పూత పోయి తుప్పు మొదలవుతుంది. పంట కట్టెలో, ముఖ్యంగా గడ్డిలో, పొటాషియం, క్లోరిన్ ఎక్కువ. ఆ పొగ రేకును త్వరగా తింటుంది. కనుక మొదటి రెండడుగులు మందపాటి ఇనుప గొట్టం లేదా ఇటుక కట్టడం, ఆ పైన 22 లేక 24 గేజి రేకు వాడితే ఖర్చుకు తగిన మన్నిక ఉంటుంది. కప్పుకు వాడే పలుచని రేకు పనికిరాదు. అతుకుల విషయంలో మేస్త్రికి ముందే చెప్పవలసిన మాట ఒకటుంది. వాననీటి గొట్టాలకు అలవాటుపడిన చేతులు కూడా కొన్నిసార్లు పై ముక్క కింది ముక్కను బయటి నుండి కప్పేలా తొడుగుతాయి. పొగగొట్టంలో పై ముక్క కొస కింది ముక్క లోపలికి దిగాలి. లేకుంటే లోపల కారే నల్లటి తారునీరు అతుకుల్లోంచి గోడ మీదికి, వంట మీదికి కారుతుంది. కప్పు దాటే చోట వాననీరు దిగకుండా విడిగా రేకు గొడుగు తొడగాలి.

కుమ్మరి చేసిన కాల్చిన మట్టి గొట్టాలు నాకు ఇష్టమైనవి. తుప్పు లేదు, వేడిని నిలుపుకొంటాయి, వాటి పొగలో చెడ్డ లోహమేదీ లేదు. అడుగు, అడుగున్నర ముక్కలుగా, ఒకదాని మెడలో మరొకటి దిగేలా చేయించుకోవచ్చు. అతుకులకు సిమెంటు వాడితే వేడికి పగులుతుంది, విప్పడానికీ వీలుండదు. ఊక కలిపిన బంకమన్ను చాలు. వానకు తడిసే పై భాగానికి మట్టి గొట్టం అంతగా నిలవదు కాబట్టి కప్పు వరకు మట్టి, కప్పు దాటాక రేకు అనే కలయిక బాగా పనిచేస్తుంది. బరువు మాత్రం గోడకు ఆన్చిన ఇనుప పట్టీలపై పడాలి. పొయ్యి మీద కాదు. నేడు చాలా ఊళ్లలో చక్రం తిప్పే కుమ్మరి లేకపోవడం దీనికున్న అసలు ఇబ్బంది.

ఇటుక పొగగొట్టం బడిలో మధ్యాహ్న భోజనం వండే చోట, వసతి గృహాల్లో, రోజంతా పొయ్యి ఆరని చోట సరిపోతుంది. ఇంటి పొయ్యికి దానిని కట్టించడం డబ్బు వృథా. తొమ్మిదంగుళాల చతురస్రపు గూడు అడ్డుకోత నాలుగంగుళాల గొట్టానికి దాదాపు ఏడింతలు. పూటకు గంట సేపు మండే పొయ్యి అంత కట్టడాన్ని వేడి చేసేలోపే వంట ముగుస్తుంది.

స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టాలలో 304 రకం మేలు. రెండు పొరల మధ్య రాతి ఉన్ని నింపినవి పొగను వేడిగా నిలుపుతాయి, బయటి పొర చేతికి కాలదు. ధర ఎక్కువ. డాబా ఇల్లు కొత్తగా కట్టుకుంటూ, అందులో కట్టెల పొయ్యి కూడా ఉండాలనుకునే కుటుంబానికి ఈ ఖర్చు సమర్థనీయమే.

పట్టణపు దుకాణాల్లో ‘చిమ్నీ’ అంటే కరెంటుతో నడిచే పెట్టె. అది గ్యాసు పొయ్యి మీది నూనె ఆవిర్లకు ఉద్దేశించినది. బొగ్గు వడపోతతో గాలిని తిరిగి వంటింట్లోకే వదిలే రకం కార్బన్ మోనాక్సైడును ఏమాత్రం ఆపలేదు. కట్టెల పొయ్యికి దానిని కొనడం ప్రమాదకరం. అలాగే మంచి పొగగొట్టం ఉన్న వంటింట్లో గాలిని బయటికి తోసే ఫ్యాను వేసి, తలుపు కిటికీలు మూస్తే, ఆ ఫ్యాను గొట్టంలోని పొగనే లోపలికి లాగుతుంది. ఫ్యాను ఆపాలి, లేదా కిటికీ తెరవాలి.

కప్పును బట్టి

గొట్టం కొస కప్పు దాటిన చోటు నుండి కనీసం 3 అడుగులు పైకి ఉండాలి. 10 అడుగుల దూరంలో ఉన్న ఏ ఎత్తైన భాగం కన్నా 2 అడుగులు పైన ఉండాలి. ఇతర దేశాల నిర్మాణ నియమాలలో ఉన్న ఈ కొలత మన ఇళ్లకూ వర్తిస్తుంది. పెద్దమ్మ ఇంట్లో మేము తప్పింది ఇక్కడే. పెంకుటింటి శిఖరం మీదుగా దొర్లిన పడమటి గాలి గొట్టం నెత్తిన పడేది. డాబా ఇంట్లో పిట్టగోడను కూడా ఎత్తైన భాగంగానే లెక్కించాలి. కొత్తగా స్లాబు వేసేవారు కాంక్రీటు పోయకముందే ఆరంగుళాల గొట్టం ముక్కను చువ్వల మధ్య నిలబెట్టుకుంటే తరువాత స్లాబును తొలిచే పని తప్పుతుంది.

పూరింటికి పొగగొట్టం పెట్టడం అన్నిటికన్నా జాగ్రత్త కోరే పని. ఒంటి పొర రేకు గొట్టానికి, మండే గుణమున్న వాసాలకు, గడ్డికి మధ్య 45 సెంటీమీటర్లు, అంటే మూర దూరం, ఖాళీ ఉండాలి. తాటాకు కప్పులో అంత కన్నం చేసి, చుట్టూ రేకు పలక బిగించి, వాన దిగకుండా చూడడం మంచి పనివాడికీ కష్టమే. వంటపాకను విడిగా వేసి, దానికి మాత్రం రేకు కప్పు వేయడం దీనికన్నా సులువు, క్షేమం. గొట్టం నెత్తిన నిప్పురవ్వలు ఎగిరిపోకుండా అరంగుళం కన్నాల జాలి ఉండాలి. అంతకన్నా సన్నని జాలి మసితో పూడుకుపోతుంది.

మన్యం ఇళ్లలో మరో సమస్య ఉంది. దానిని మేము చాలాకాలం ‘అవగాహన లేకపోవడం’ అని తీసిపారేశాం. పాడేరు, అరకు ప్రాంతాల ఇళ్లలో పొయ్యికి పైన విత్తనపు మొక్కజొన్న కంకులు వేలాడుతుంటాయి. పొగ, వేడి తగలడం వల్ల వాటికి పురుగు పట్టదు. కప్పు గడ్డికీ చెదలు, పురుగు తక్కువ. గొట్టం పెడితే విత్తనం ఎక్కడ దాచాలి అని అడిగే రైతుకు మన వద్ద జవాబు ఉండాలి. బాగా ఎండిన గింజను, కొరికితే ఫట్‌మనేంత ఎండినదానిని, బూడిదతో కలిపి గాలి చొరని డబ్బాలో మూత బిగించి పెట్టవచ్చు. ఆ డబ్బాలు ముందు ఇచ్చి, ఒక పంటకాలం విత్తనం మొలిచిందని చూపి, తరువాత గొట్టం మాట ఎత్తడం సరైన వరుస. ఇంతకాలం మనం వరుస తిప్పి నడిపాం.

వంటచెరకు, మసి

పచ్చి కట్టె బరువులో సగం వరకు నీరే. ఆ నీటిని ఆవిరి చేయడానికే మంట ఖర్చవుతుంది; పొగ చల్లబడుతుంది; చల్లబడ్డ పొగలోని తారు గొట్టానికి అంటుతుంది. ఆ తారు ఎండి గట్టిపడితే ఒకనాడు గొట్టంలోపలే అంటుకోవచ్చు. తుమ్మ, సరుగుడు, సుబాబుల్ చీల్చి ఒక వేసవి ఎండలో ఉంచితే గొట్టం చాలాకాలం శుభ్రంగా ఉంటుంది. పత్తి కట్టె సన్ననిది కనుక కొన్ని వారాల్లోనే ఎండుతుంది. అంతే త్వరగా వానకు తడుస్తుంది. దానిని జూన్ విత్తనాలకు ముందే వాడేయడం పొయ్యికీ మంచిది, గులాబీరంగు పురుగు దృష్ట్యా చేనుకూ మంచిది. మిగిలితే ముక్కలు చేసి నేలలో కలపాలి. పురుగుమందు డబ్బాలు, పాలిథిన్ సంచులు పొయ్యిలో వేయరాదని చెప్పవలసి రావడం విచారకరం. కాని చూశాను గనుక చెబుతున్నాను. పిడకల దాలి మీద గంటల తరబడి పాలు కాగాలి. ఆ నెమ్మది సెగకు ఏ గొట్టమూ సరిగా లాగదు. దాలిని చూరు కిందికి, వంటింటి బయటికి మార్చడమే మేలు.

శుభ్రపరచడానికి ఏర్పాటు పొయ్యి కట్టేనాడే జరగాలి. గొట్టం నేరుగా పొయ్యి వెనుక నుండి లేవకుండా ‘టీ’ ఆకారపు ముక్క మీద నిలబడాలి. టీ అడుగున చేత్తో తిప్పి తీయగల మూత ఉండాలి. మూత ఎత్తు నేల నుండి మోకాలి దాకా ఉంటే చాలు. గొట్టాన్ని కర్రతో మెల్లగా తడితే ఎండు మసి రాలి మూతలో పడుతుంది. పంట కట్టె వాడే ఇంట్లో పదిహేను రోజులకొకసారి, ఎండిన తుమ్మ వాడే ఇంట్లో నెలకొకసారి ఈ పని కావాలి. ఏడాదికి రెండుసార్లు, తొలకరికి ముందు, సంక్రాంతికి ముందు, తాడుకు ఈతమట్ట కట్టి పై నుండి కిందికి లాగాలి. ప్లాస్టిక్ బ్రష్షు వద్దు. పొయ్యి పూర్తిగా చల్లారాకే, ముక్కుకు తడిగుడ్డ కట్టుకొనే ఇది చేయాలి. గొట్టం పనిచేస్తున్నదో లేదో తెలుసుకోవడానికి పరికరం అవసరం లేదు. మంట అందుకున్న ఐదు నిమిషాలకు పొయ్యి మూతి దగ్గర అగరుబత్తి పట్టుకుంటే దాని పొగ లోపలికి వంగాలి. బయటికి వంగితే మూత విప్పవలసిన రోజు వచ్చిందన్నమాట.

నాలుగేళ్ల క్రితం అదే గ్రామంలో, అదే ఇంట్లో, పెద్దమ్మ కోడలి కోసం మళ్లీ ఒక గొట్టం అమర్చాం. ఈసారి ముందుగా ఆమెనే అడిగాం. నీళ్లపొయ్యి మాత్రమే కట్టెలది, వంట గ్యాసు మీద అన్నారు. కప్పు వరకు మట్టి గొట్టం, పైన నాలుగంగుళాల రేకు, శిఖరానికి రెండడుగులు పైగా కొస, అడుగున మూత. మట్టి ముక్కలు పొరుగు మండలం నుండి తెప్పించవలసి వచ్చింది. ఒకటి దారిలోనే పగిలింది. మొన్న ఉగాదికి వెళ్లినప్పుడు ఆమె నా ఎదుటే మూత తిప్పి, దోసెడు మసిని చేటలోకి దులిపి, దీనిని కూరపాదులకు వేయవచ్చునా అని అడిగారు. పొయ్యిలోని బూడిద వేయవచ్చు, అదీ కొద్దిగా, ఎందుకంటే మీ నల్లరేగడికి క్షారం ఇప్పటికే ఎక్కువ అన్నాను. గొట్టంలోని మసిలో తారు ఉంటుంది, దానిని పాదులకు దూరంగా గుంట తీసి పూడ్చమన్నాను.